అందరూ వెళ్ళాకే

"మేడమ్ పోయారే! నిన్న పొద్దున, హాస్పిటల్లో" అని పాత కొలీగ్ ఫోన్ చేసేసరికి నేను అమెరికాలో, మా క్యారీ ఊళ్ళో ఇండియన్ స్టోర్ ముందు కార్‌లో కూరగాయల సంచులు పెడుతున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు గానీ, నాకది చేతకాలేదు.

మేడమ్ ఇక్కడొక యూనివర్సిటీలో ఆన్‌లైన్ డిగ్రీల విభాగానికి అధిపతిగా ఉండేవారు. నేను ఆవిడ దగ్గర పాఠాలు చెప్పేదాన్ని. నైరోబీలో నర్సు, మనీలాలో బ్యాంకు ఉద్యోగి, గుంటూరులో చంటిబిడ్డ తల్లి, ఇలాంటివాళ్ళకి ఇంటి దగ్గరే డిగ్రీ అందాలని పైవాళ్ళతో పోట్లాడి మరీ నిలబెట్టిన విభాగం అది. చెప్పాపెట్టకుండా మా ఆన్‌లైన్ క్లాసులోకి వచ్చేవారు. కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని, మైక్ ఆపేసి, జంతికలు నములుతూ వినేవారు.

ఆవిడ దగ్గర ఒక్కటే పట్టింపు. క్లాసయ్యాక చివరి విద్యార్థి కూడా వెళ్ళేదాకా టీచర్ మీటింగ్ ఆపకూడదు. మొదట్లో నేను ఠక్కున ఆపేస్తే ఊరుకోలేదు.

"ఏంటమ్మాయ్, చుట్టాలు గుమ్మం దిగకుండానే తలుపేసుకుంటామా? అసలు ప్రశ్న అందరూ వెళ్ళాకే వస్తుంది, చూస్తుండు."

నిజంగానే వచ్చేది. అందరూ వెళ్ళాక ఆ నైరోబీ నర్సు ఒక్కతే ఉండిపోయి, సిగ్గుపడుతూ అడిగేది. ఇవాళ నేను ఎక్కడ పాఠం చెప్పినా అలాగే ఆగుతాను. అది ఆవిడ పెట్టిన భిక్షే, కాదనను.

విభాగం మూసేస్తారని పుకారు వచ్చినప్పుడు ఆవిడ గదికే వెళ్ళి అడిగాను.

"ఏమీ క్లోజ్ చెయ్యరు. నేనున్నానుగా! నీ స్టూడెంట్స్‌కి ధైర్యంగా చెప్పు."

చెప్పాను. నా మాట నమ్మి నర్సు చేతికొచ్చిన ప్రమోషన్ వదులుకుని చదువు కొనసాగించింది. తర్వాత కొన్నాళ్ళకే మేడమ్ అందర్నీ ఆన్‌లైన్‌లో కూర్చోబెట్టి, ఈ టర్మ్‌తో విభాగం మూతపడుతోందనీ, తను కాలిఫోర్నియాలో ఇంకా పెద్ద పదవికి వెళ్తున్నాననీ చల్లగా చెప్పారు. నాకు ధైర్యం చెప్పిన రోజుకే ఆ ఉద్యోగం ఒప్పుకున్నారని తర్వాత తెలిసింది. "మేడమ్, మరి మా డిగ్రీ..." అని నర్సు అడుగుతుండగానే తెర మీద ఆవిడ కనిపిస్తున్న గడి మాయమైంది. అందరికంటే ముందు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళంతా నావైపు తిరిగారు. "మీరు చెప్పారు కదా, టీచర్!" అంది నర్సు.

నాకు పాఠం చెప్పడం నేర్పింది ఆవిడే. నా మాట పోగొట్టిందీ ఆవిడే. ఆ తర్వాత ఒక్క ఫోనైనా చేస్తారని ఎదురుచూశాను. చెయ్యలేదు.

మొన్న కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి మేడమ్ వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, అమ్మ మెమోరియల్ సభ ఆన్‌లైన్‌లో పెడుతున్నా. మీరు హోస్ట్ చేస్తారా? అమ్మ ఎప్పుడూ మీ గురించే చెప్పేది." ఏం చెప్పేదో! కాదనలేకపోయాను.

ఎక్కడెక్కడినుంచో వచ్చి పొగిడారు. నర్సు రాలేదు. నేను ఒక్కొక్కరినీ మాట్లాడమని పిలిచి, నా మైక్ ఆపేసుకున్నాను. ఒక్కొక్కరే సెలవు తీసుకున్నారు. ఆ అమ్మాయి వాళ్ళమ్మ లాప్‌టాప్‌లోంచే చేరినట్టుంది, దాన్ని అలాగే వదిలేసి ఇంటికొచ్చినవాళ్ళ దగ్గరికి లేచి వెళ్ళింది. తెర మీద నేనూ, మేడమ్ ఫొటో ఉన్న గడీ మిగిలాం. నెత్తి మీద అదే కళ్ళజోడు.

మైక్ ఆన్ చేశాను.

"నాకెందుకు చెప్పలేదు మేడమ్?"

మీటింగ్ ఆపలేదు.