నైవేద్యానికి ముందు

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే" అని మా అమ్మ నాకు రోజూ చెప్పేది. పాలకొల్లు పక్క పల్లెలో పెరిగిన నోరు, ఢిల్లీ వచ్చినంత మాత్రాన తగ్గుతుందా? ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో కూరగాయల భయ్యాతోనూ అదే నోరు, నేను నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లతోనూ అదే నోరు. అది కాస్త అణిగి ఉండేది ఒక్క ఎదురింటి ఆంటీ దగ్గరే.

మావారిది సెంట్రల్ గవర్నమెంటులో గుమాస్తా ఉద్యోగం. క్వార్టర్ ఆయనది, ఇల్లు గడిచేది మాత్రం ఇద్దరి జీతాలతోనూ. మా పాపకి అప్పుడు నాలుగేళ్ళు. నేను డ్యూటీకి వెళ్తే పొద్దుటినుంచి సాయంత్రందాకా దాన్ని చూసేది ఆంటీయే. గుంటూరువాళ్ళు. వాళ్ళ పిల్లలు హాస్టళ్ళకి వెళ్ళిపోయారు. డబ్బులివ్వబోతే "దాని కబుర్లు చాల్లే, పో" అని కసిరేది. పాప ఆవిడని అమ్మమ్మా అనేది.

ఆంటీ పూజల మనిషి. అంకుల్ ఏ దేవుణ్ణీ నమ్మని మనిషి. పండగపూట ఆయన గారెమీద చెయ్యి వేస్తే, "నైవేద్యం కాకుండా ఏంటండీ ఆ కక్కుర్తి" అని ఆవిడ అట్లకాడతో ఆ చేతిమీద ఒక్కటి వేసేది. ఉప్పు చాలిందో లేదో కూడా నాలుక్కి రాసుకుని చూసేది కాదు. ముందు దేవుడు, తర్వాతే ఎవరైనా.

మేము క్రైస్తవులం. విగ్రహం ముందు పెట్టింది తినం. ఈ సంగతి ఆంటీకి చాలాకాలం తెలియలేదంటే ఆ పుణ్యం మావారిదే. నేను డ్యూటీలో ఉండగా వచ్చిన ప్రసాదాలన్నీ గుట్టుగా లాగించేసి, గిన్నెలు కడిగి తిరిగి ఇచ్చేవారు. నేను కనిపెట్టి అరిస్తే "పులిహోరకి మతమేంటే?" అనేవారు. పాపకి మాత్రం నేను గట్టిగా చెప్పి ఉంచాను, మనం తినం, వద్దండీ అని మర్యాదగా చెప్పాలని. ఆంటీ దాన్ని పిల్ల మారాం అనుకునేది.

ఆ శ్రావణ శుక్రవారం ఆంటీ వరలక్ష్మీ వ్రతం చేసుకుంది. పేరంటాళ్ళతో హాలంతా నిండిపోయింది. అందరికంటే ముందు నా కూతుర్నే దగ్గరికి పిలిచి పూర్ణం ముక్క నోటికి అందించబోయింది. అది ఆ చేతిని తోసేసి, అందరూ వినేలా అరిచింది.

"యే భూత్ కా ఖానా హై! హమ్ నహీఁ ఖాతే!"

దయ్యాల తిండి అన్న మాట నేను నేర్పింది కాదు. మా చర్చిలో ఆదివారం పిల్లలకి పాఠం చెప్పే అక్క నేర్పింది. ఎవరు నేర్పితేనేం, ఆంటీ తలవంచుకుని ఆ పూర్ణం ముక్క తిరిగి పళ్ళెంలో పెట్టేసిందట.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అంకుల్ మా గుమ్మంలో పాప బట్టల సంచితో నిలబడి ఉన్నారు. "రేపట్నుంచి వేరే ఏర్పాటు చూసుకోండమ్మా" అని సంచినీ పిల్లనీ అప్పజెప్పి వెళ్ళిపోయారు.

మావారు తల పట్టుకున్నారు. పాపని చూసేవాళ్ళు లేకపోతే నేను ఉద్యోగం మానాల్సిందే. "వెళ్ళి ఆవిడ ముందు ఒక్క ముద్ద తినేసి రావే. నీ సొమ్మేం పోయింది?" అన్నారు. "నటించి తినే నోరు కాదు నాది" అని చెప్పులైనా వేసుకోకుండా ఎదురింటికి వెళ్ళాను.

ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడింది. కూర్చోమనలేదు.

"పాప అన్న మాట మా ఇంట్లోది కాదాంటీ. అయినా నా కూతురు అంది కాబట్టి తప్పు నాదే. దానికి మీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. తిననన్నందుకు మాత్రం పట్టుకోను" అన్నాను.

అంకుల్ పేపరు పక్కన పెట్టారు. "భలేదానివమ్మాయ్! నేను మీ క్రిస్మస్ కేకూ తింటాను, మా ఆవిడ ప్రసాదమూ తింటాను. ఏ దేవుడూ వచ్చి నా గొంతు పట్టుకోలేదు. మీ దేవుడొక్కడికే ఎందుకంత కుళ్ళు?"

"కుళ్ళు కాదండీ, రోషం. కట్టుకున్నవాళ్ళకి ఉంటుంది చూడండి, అది. కేకంటారా, బేకరీలో కొని నేరుగా మీకు తెచ్చాను. ఆంటీ ప్రసాదం అలాంటిది కాదు. ఆవిడ నమ్మి పెడతారు. మీరు నమ్మకుండానే తింటారు. నేను నమ్మను కాబట్టి తినను. ఆవిడ భక్తిని ఉత్త పులిహోర కింద జమకట్టింది మీరా, నేనా?"

ఆయనకి చురుక్కుమంది. "మాటలు బాగానే నేర్పార్లే పాస్టర్లు. మీ తాతలు పాలపొడి కోసం మతంలో కలిసినవాళ్ళే కదమ్మా?"

ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు. పెంచకుండా ఉండటానికి పళ్ళు ఎంత గట్టిగా బిగించానో నాకే తెలుసు.

"కలిశారేమోనండీ. ఆకలితో ఉన్నవాడికి పాలు పోసినవాడు దేవుడి మనిషిలా కనబడితే అందులో వింతేముంది? పాలపొడి రావడం ఎప్పుడో ఆగిపోయింది. మేము ఆగిపోలేదు. మా నాయనమ్మ ప్రసాదం కోసం దోసిలి పడితే, చెయ్యి తగలకుండా ఎత్తునుంచి పడేసేవారు. సగం నేలపాలయ్యేది. యేసయ్య పేరు చెప్పుకుని వచ్చినవాళ్ళే ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని తిన్నారు. నా దగ్గరున్న రుజువు అదొక్కటే. మీకు చాలకపోతే నేనేం చెయ్యలేను, కానీ నాకు చాలు. ఇన్నాళ్ళూ నా బిడ్డ ఆంటీ చేతి అన్నం తిని పెరిగింది. ఆ చేతికి దణ్ణం పెడతాను. నా దేవుణ్ణి మాత్రం వదలను."

అంకుల్ మళ్ళీ పేపరు చేతిలోకి తీసుకున్నారు. ఆంటీ లోపలికి వెళ్ళిపోయింది.

గెలిచాననుకుంటూ ఇంటికొచ్చాను. గెలిచినవాళ్ళకి పిల్లని చూసిపెట్టే మనిషి దొరుకుతుందా ఏం? రాత్రి డ్యూటీలు వేయించుకుని పగలు పాపని నేనే చూసుకున్నాను. నేను కన్ను మూస్తే అది పొట్టమీదెక్కి కూర్చుని "అమ్మమ్మ కే ఘర్ జానా హై" అని, ఆంటీ ఇంటికే వెళ్తానని ఏడ్చేది. ఇలా కుదరదని మేట్రన్ అంటే, నెలాఖరుకి మానేస్తానని చెప్పేశాను. చర్చిలో అక్క మాత్రం తెగ మురిసిపోయింది. "సాక్ష్యం నిలబెట్టావు చెల్లీ!" అంది. పిల్లని ఒక్కపూట చూస్తానని మాత్రం అనలేదు మహాతల్లి.

ఇంతలో వినాయక చవితి వచ్చింది. పొద్దున్నే ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ఆంటీ! తలంటుకున్న జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, పట్టుచీరలో ఉంది. చేతిలో స్టీలు గిన్నె పొగలు కక్కుతోంది.

"ఇది ప్రసాదం కాదమ్మాయ్" అంది. "ఇంకా పూజ మొదలుపెట్టలేదు. పొయ్యిమీంచి దించి నేరుగా నీకే తెచ్చా. ఇప్పుడైతే తినొచ్చా మీరు?"

నాకు, అంత నోరున్న నాకు, నోరు పెగల్లేదు.

ఎదురు తలుపులోంచి అంకుల్ అరిచారు. "కాపరానికొచ్చినప్పట్నుంచి కట్టుకున్న మొగుడికే దక్కలేదమ్మాయ్ ఆ భోగం! పాపం, వినాయకుడు పీటమీద ఆకలితో కూర్చున్నాడు!"

"మీరూరుకోండి. బిడ్డ తిన్నాక తింటాడు, ఆయనకేం తొందరలేదు" అంది ఆంటీ వెనక్కి తిరక్కుండానే. తర్వాత గొంతు తగ్గించి "ఎత్తునుంచి పడేసేవారన్నావు చూడు, ఆ మాటకి నాకు నిద్ర పట్టడంలా" అని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని పులిహోర ముద్ద అందులో పెట్టింది.

గుమ్మంలో నిలబడే తిన్నాను. ఏడుస్తూ, ముక్కు ఎగపీలుస్తూ తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. రుచి చూడకుండా తెచ్చింది మరి. పాప నిద్ర లేచి పరుగెత్తుకొచ్చి ఆవిడ కాళ్ళు వాటేసుకుంది. ఆవిడ దాన్ని చంకనెత్తుకుని, "రేపు డ్యూటీ ఎన్నింటికి?" అంది.

ఆ ఆదివారం చర్చిలో ఈ సంగతి అందరికీ నేనే చెప్పాను. పాఠం చెప్పే అక్క ముఖం చిట్లించింది. "పొయ్యి అదే, గిన్నె అదే, పండగ అదే. ముందు తీస్తే మాత్రం ఏంటి చెల్లీ? తినకుండా ఉండాల్సింది" అంది.

"అక్కా, నా దేవుడి కోసం నేను ఉద్యోగం వదులుకోబోయాను, అంతే. ఆవిడ నా కోసం తన దేవుణ్ణే ఆగమంది. అలాంటి చేతిముద్ద కాదని, తర్వాత ఏ మొహం పెట్టుకుని యేసయ్య ప్రేమ గురించి ఆవిడకి చెప్పమంటావు నన్ను?"