రంగులక్క రక్తపరీక్ష

మా వదినను వీధిలో పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె రంగులక్క. ఇంటి వెనక రేకుల గదిలో బట్టలకు రంగు వేయడం ఆమె పని. వెలిసిపోయిన తెరలు, నాటకాలవాళ్ళ అంగీలు, పాత దుప్పట్లు, ఏం తెచ్చినా మరుగుతున్న గంగాళంలో ముంచి, కర్రతో తిప్పి, కొత్తవాటిలా చేసి ఇస్తుంది. తీగల మీద ఆరేసేది నేను. ఇస్త్రీ చేసి ఇళ్ళకు చేర్చేది మా అన్నయ్య. వదిన చేతులు ఏనాడూ ఒక్క రంగులో ఉండేవి కావు.

ఆమెకు చిన్నప్పటి నుంచీ షుగరు. ఒంట్లో ఇన్సులిన్ బొత్తిగా తయారు కాని రకం. పూటపూటా సూది వేసుకోవాలి. దాన్నొక కష్టంగా ఎన్నడూ చెప్పుకోలేదు. "అత్తగారు లేని లోటు ఇది తీరుస్తోంది. ఏం తిన్నా లెక్క అడుగుతుంది" అని నవ్వేది.

అలాంటి మనిషి ఒక ఏడాది గంగాళం దగ్గర నిలబడలేక స్టూలు తెచ్చుకుంది. తర్వాత కర్ర నా చేతికిచ్చింది. రవికెలు వదులయ్యాయి. కూర్చుని లేస్తే కళ్ళు తిరిగేవి. దాంతోపాటే ఒక మంచి కూడా జరుగుతోందని మేమనుకున్నాం. షుగరు తనంతట తనే దిగుతోంది. ఇన్సులిన్ తగ్గిస్తూ పోయినా మాటిమాటికీ మరీ పడిపోయి, ఆమె పంచదార నోట్లో వేసుకోవలసి వచ్చేది.

"ఇన్నాళ్ళకు జబ్బే విసుగొచ్చి వెళ్ళిపోతోంది" అని అన్నయ్య సంబరపడ్డాడు.

ఇంకో వింత ఉప్పు. దోసకాయ ముక్కలు కనిపించనంతగా చల్లుకునేది. ఒకసారి అరచేతిలో పోసుకుని నాకుతూ మాకు దొరికిపోయింది.

"ఉప్పు తింటే రోషం వస్తుందంటారు. నీకింత రోషం ఎందుకే?" అన్నాడు అన్నయ్య.

"మిమ్మల్ని భరించడానికి ఇదీ చాలట్లేదు" అంది వదిన.

వీధి చివర డాక్టరుగారు రక్తపరీక్ష చేయించారు. థైరాయిడ్ గ్రంథిని పని చేయమని తరిమే హార్మోను ఒకటుంది, టీఎస్‌హెచ్ అంటారు. అది హద్దు దాటి కొంచెం ఎక్కువగా వచ్చింది. "థైరాయిడ్ మందగించిందమ్మా. నీరసం అందుకే. పొద్దున్నే పరగడుపున ఈ మాత్ర వేసుకోండి" అన్నారాయన. నీరసానికి ఒక పేరు దొరికిందని మేమంతా ఊపిరి పీల్చుకున్నాం.

మాత్ర మొదలుపెట్టాక కోలుకోవాల్సింది పోయి ఇంకా దిగజారింది. వాంతులు పట్టుకున్నాయి. ఒక ఉదయం తడి తెర పిండుతూ, "కాస్త పట్టుకో" అని నాతో అని, అక్కడే కూలబడింది. చక్కెర నీళ్ళు పట్టించినా తేరుకోలేదు. అన్నయ్య పరుగెత్తి డాక్టరుగారిని పిలుచుకొచ్చాడు. ఆయన బీపీ చూశారు. క్లినిక్‌కు తాళం వేయించి, తన కారులోనే పెద్దాసుపత్రికి చేర్చారు.

అక్కడ హార్మోన్ల జబ్బులు చూసే డాక్టరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. బీపీ చూసింది. రక్తంలో సోడియం పడిపోయిందన్న కాగితం చూసింది. తర్వాత వదిన అరచేతులు తిప్పి చూసింది.

"అది పని రంగండీ, పోదు" అన్నాను.

"నోరు తెరవమ్మా" అని టార్చి వేసింది. "మరి చిగుళ్ళకు కూడా రంగు వేస్తున్నారా?"

నేనూ అన్నయ్యా వంగి చూశాం. చిగుళ్ళ మీద సిరా ఒలికినట్టు నల్లటి మచ్చలు. చేతులకు ఎప్పుడూ ఏదో రంగు ఉండబట్టి, మనిషే నల్లబడుతోందన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

"ఉప్పు ఎక్కువ తింటోందా?"

అరచేతిలో పోసుకుని నాకిన సంగతి నేనే చెప్పాను. డాక్టరమ్మ నర్సు వైపు తిరిగింది. "పరీక్షకు రక్తం తీసి, వెంటనే హైడ్రోకార్టిసోన్ ఇచ్చెయ్. ఫలితం వచ్చేదాకా ఆగొద్దు."

సాయంత్రానికి వదిన తేరుకుంది. "ఆ తెర పిండారా? అలాగే వదిలేస్తే మరకలు పడతాయి" అంది. అన్నయ్య గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

మర్నాడు ఫలితాలు పట్టుకుని డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుంది. మా డాక్టరుగారు కూడా చూడటానికి వచ్చి ఉన్నారు.

"మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు అడ్రినల్ గ్రంథులుంటాయి. కార్టిసాల్ అనే హార్మోను వాటి నుంచే రావాలి. పొద్దుటిపూట అది మామూలుగానే ఎక్కువుంటుంది. నిన్న మీరున్న స్థితికి ఇంకా పెరగాలి. మీకు దాదాపు లేదు. దాన్ని తయారుచెయ్యమని పిలిచే హార్మోను మాత్రం విపరీతంగా ఉంది. అంటే పిలుపు అందుతోంది, పలికే ఓపిక గ్రంథులకు లేదు. చిగుళ్ళు నల్లబడింది ఆ పిలుపు ఎక్కువయ్యే."

"మరి షుగరు తగ్గిందిగా?" అన్నాడు అన్నయ్య ఆశగా.

"తగ్గలేదండీ. దాన్ని పడిపోకుండా పట్టుకునే కార్టిసాల్ లేదు, అంతే. ఇప్పుడు ఇన్సులిన్ మళ్ళీ పెంచాలి."

అన్నయ్య మొహం వాడిపోయింది. వదినే ఓదార్చింది. "పోనీలెండి. ఊరెళ్ళిన అత్తగారు తిరిగొచ్చిందనుకోండి."

డాక్టరుగారు థైరాయిడ్ సంగతి అడిగారు. కార్టిసాల్ లేనప్పుడు టీఎస్‌హెచ్ దానంతటదే కొంచెం పెరగొచ్చని డాక్టరమ్మ చెప్పింది. థైరాయిడ్ మాత్ర పడితే ఉన్న కాస్త కార్టిసాల్ కూడా తొందరగా కరిగిపోతుందట. రెండింటికీ లోటున్నప్పుడు ముందు కార్టిసాల్ ఇచ్చాకే థైరాయిడ్ మాత్ర ఇవ్వాలట. పైగా వదినకున్న రకం షుగరులో ఒంటిని కాపాడాల్సిన బలగమే గ్రంథుల మీద తిరగబడుతుంది. అది ఇన్సులిన్ చేసే ఒక్క గ్రంథితో ఆగాలని లేదు; ఇప్పుడు అడ్రినల్ మీద పడింది, రేపు థైరాయిడ్ మీదా పడొచ్చు.

వదిన దాన్ని తన పనిలోకి మార్చుకుంది. "రంగు పట్టడానికి ముందు పటికనీళ్ళలో నానబెట్టాలి, అలా నానబెట్టకుండా గుడ్డను రంగులో ముంచినట్టన్నమాట."

"అదే అన్నమాట" అని నవ్వింది డాక్టరమ్మ.

ఆమె వెళ్ళాక మా డాక్టరుగారు గొంతు తగ్గించారు. "నేను ఉప్పు సంగతి అడిగి ఉండాల్సిందమ్మా."

"అడిగినా చెప్పేదాన్నా? సిగ్గేసి దాచేదాన్ని. మీ కారు లేకపోతే ఈ మాట అనడానికి నేనుండేదాన్ని కాను. మీరలా మొహం పెట్టకండి" అంది వదిన, ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని.

ఇంటికి వచ్చే ముందు నర్సు మాకు పాఠం చెప్పింది. కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మాత్ర జీవితాంతం వేసుకోవాలి, ఒక్క రోజు కూడా మానకూడదు. జ్వరమొస్తే రెట్టింపు చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే అదే మందు సూదిగా వేసి ఆసుపత్రికి తేవాలి. అన్నయ్య ఆ సూది నారింజపండు మీద నేర్చుకున్నాడు. "పండు అరవదు, నేనరుస్తాను. ఆ తేడా గుర్తుంచుకోండి" అంది వదిన.

కొన్ని నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ హద్దులోకి వచ్చింది. థైరాయిడ్ మాత్ర అక్కర్లేదన్నారు, ఏటా ఒకసారి చూసుకుంటే చాలు. ఇప్పుడు వదిన పరీక్షకు రక్తమిచ్చే ముందు తనకున్న జబ్బులు, వేసుకున్న మందులు, వేసుకున్న వేళ అన్నీ తనే చెబుతుంది. ఆసుపత్రిలో డాక్టరమ్మకూ నర్సుకూ పేరుపేరునా కృతజ్ఞత చెప్పకుండా గడప దాటదు.

మొన్న వానల్లో జ్వరం వచ్చింది. వెంటనే మాత్ర రెట్టింపు చేసింది. అన్నయ్య సూది డబ్బా ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన కాపలా కూర్చున్నాడు. దాని అవసరం రాలేదు. మర్నాడు మధ్యాహ్నానికి జ్వరం జారి వదిన లేచేసరికి, ఆయనే కుర్చీలో గుర్రు పెడుతున్నాడు.

"లేపకు" అంది నాతో మెల్లగా. "నా కోసం పాపం రాత్రంతా కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నారు."

దుప్పటి తెచ్చి ఆయన మీద కప్పి, చప్పుడు కాకుండా తలుపు వేసి, గంగాళం కింద పొయ్యి వెలిగించడానికి వెళ్ళింది.