ఫుకట్ ఫోను, పల్లి చేను

చెవికి ఆనించుకున్న ఫోను వెచ్చబడింది. లోపల ఎవరో పియానో మీద నాలుగే నాలుగు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. మధ్యమధ్య తేనె రాసిన గొంతొకటి, దయచేసి వేచి ఉండండి, ఈ సేవ మీకు పూర్తిగా ఉచితం అని ఇంగ్లీషులో బతిమాలుతోంది. అనువాదాలు చేసి బతికే మనిషిని నేను. పరదేశపు క్లయింట్లతో మాట్లాడటానికి మా ఆఫీసువాళ్లు ఈ నంబరు పట్టుకొచ్చారు. పదిమందీ దీనికి ఫోను చేస్తే ఒకే గదిలో కూర్చున్నట్టు మాట్లాడుకోవచ్చట, ఆ గదికి అద్దె లేదట. బొంబాయి చాల్‌లో, ఒంటిగది కాపురాల నడుమ పుట్టినదాన్ని, అద్దె లేని గది ఉందంటే ఎలా నమ్మను?

"అవతల ఎవరు కడుతున్నారో కనుక్కో" అన్నాను పక్కనున్న కుర్రవాడితో. వాడు వెతికి చెప్పాడు. ఆ నంబరు ఆ పరదేశంలో ఏదో మారుమూల పల్లెలోని చిన్న ఫోను కంపెనీదట. బయటి కాల్ ఏది దాని తీగలోకి వచ్చినా, పంపిన కంపెనీ నిమిషానికింతని గుమ్మం సుంకం కట్టాలట. అందుకే ఈ ఉచితంవాళ్లు జనాన్ని గుంపులుగా ఆ గుమ్మంలోకి తోలి, గంటలకొద్దీ కూర్చోబెట్టి, వచ్చిన సుంకంలో వాటా పుచ్చుకుంటారట. సుంకం కట్టిన కంపెనీ దాన్ని తన చందాదారులందరి బిల్లుల్లోనూ సర్దుతుందట. "భలే తెలివి కదా మేడమ్!" అన్నాడు. నా ఒళ్లు మండింది. ఈ తెలివి నాకు కొత్త కాదు. కామాటిపురలో రాజవ్వ దీని తోలు ఒలిచి నాకు చూపించింది.

రాజవ్వ మాకు చుట్టం కాదు, పక్కగది. కానీ వరస పెట్టి పిలవకపోతే ఆమె పోసే పప్పు పల్చనయ్యేది కాబట్టి గల్లీలో సగంమందికి ఆమె పెద్దమ్మే. పాలమూరు నుంచి వచ్చిన కూలీలకు ఆ ఒక్క గదిలోనే ఖానావళి నడిపేది. ఒక బంతి లేస్తే ఇంకో బంతి, జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, వాటికన్నా ఘాటుగా ఆమె నోరు. నాకప్పుడు ఇరవై నిండలేదు. గ్రాంట్ రోడ్‌లో టైపు కొట్టే ఉద్యోగం. నా తెలుగు సగం మరాఠీ, పావు హిందీ, మిగతాది చేతి సైగలు.

"సక్కగ మాట్లాడు పిల్లా. నోట్ల రాళ్లున్నయా?" అనేది.

"నీ బియ్యంలయే పెద్దమ్మా, ఇంకా కరగలేదు" అంటే గరిటె లేచేది.

గల్లీ మలుపులో నర్సింగ్ సేఠ్ రేడియోలు బాగుచేసేవాడు. మంచి మనిషి. ఈ మాట అప్పట్లో అందరూ నోరారా అనేవాళ్లు, నేనిప్పుడు పళ్లు బిగించి రాస్తున్నాను. ఎన్నేళ్లకో ఆయన దుకాణానికి ఫోను వచ్చింది. "ఊరినుంచి మీవాళ్లు చేస్తే ఈడనే మాట్లాడుకోండ్రి, అంతా ఫుకట్, ఒక్క పైస వద్దు" అన్నాడు. అంతటితో ఊరుకోక, ఫోనుకు తీగ తగిలించి పెద్ద స్పీకరు పెట్టాడు. ఊళ్లో కొత్తగా వెలిసిన ఎస్టీడీ బూత్ నుంచి ఆదివారాలు ఆడవాళ్లు ఫోను చేస్తే దుకాణం ముందు జాతరే. "బర్రె ఈనిందా?" అని ఒకడు, "మా అవ్వకు దగ్గు తగ్గిందా?" అని ఇంకొకడు. ఒక మొగుడి కోసం వచ్చిన ఫోనులో ఇరవైమంది క్షేమసమాచారాలు. కావలసినవాడు లేకపోతే సేఠ్, "పెట్టెయ్యకమ్మా, పిలిపిస్త" అని స్పీకరుకు చెప్పి, కదలకుండా చాయ్ తాగేవాడు. ధర్మాత్ముడని పేరు. గణపతి మండపంలో మొదటి కొబ్బరికాయ ఆయనదే.

ఆ ఏడు వానలకు ముందు రాజవ్వ, చనిపోయిన అన్న దినాలకని ఊరికి పోయి వచ్చింది. మూట లోపల పడేసి, కాళ్లయినా కడుక్కోకుండా గడపలో కూలబడింది.

"లక్ష్మి చేను పడావు పడేటట్టున్నది పిల్లా."

లక్ష్మి ఆమె చెల్లెలి కూతురు. మొగుడు బాలయ్య ఇక్కడ పరంజాలు కడుతూ రాజవ్వ దగ్గరే తినేవాడు. నాకు తెలిసిన పడావు హిందీది, దారిలో ఆగి సేదతీరే మజిలీ. "మంచిదే కదా, కొన్నాళ్లు ఆరాం చేయనీ" అన్నాను.

"ఆరాం నీ మొఖానికి! పడావంటె బీడు, కిచిడీదానా! ఇత్తనానికి పైసల్లేవు."

విత్తనానికి బాలయ్య పంపిన డబ్బు ఎటు పోయిందో ఆమె కళ్లారా చూసి వచ్చింది. "పల్లి పెట్టాల్నా, చేను కౌలుకియ్యాల్నా అని మొగుణ్ని ఒక్క మాట అడగనీకె ఆ పిల్ల ఆదివారమాదివారం బూత్‌కు పోతది. అద్దాల డబ్బాల బిల్లు ఎర్ర అంకెలై ఉరుకుతుంటది. ఈడ మీరు బర్రెల ముచ్చట వెడతరు. మీ నవ్వులు ఆడ వినవడ్డయ్ నాకు. నీ ఇకిలింపు గూడ. వాని దాకా ఫోను వచ్చేసరికి పిల్ల కొంగు ఖాళీ." బూత్ నడిపేవాడు సేఠ్ బామ్మర్ది. రాజవ్వ ఏ గల్లీ మనిషో తెలియక వాడే గొప్పగా చెప్పాడట, జనం ఎంతసేపు మాట్లాడితే తనకంత కమీషనని, అందులో సగం బొంబాయిలో స్పీకరు పెట్టిన బావదేనని.

బాలయ్య తలపట్టుకుని ఆలోచించి, కౌలుకే ఇచ్చెయ్యాలన్నాడు. చేను కౌలుకు అడిగినవాడు ఆదివారం దాకే ఆగుతానన్నాడట. ఉత్తరమే కాదు, టెలిగ్రాం కూడా ఆ ఊరికి అంతలో చేరదు. కాబట్టి మళ్లీ ఆ ఫోనే గతి. "ఒక్క మాట చెప్పు, బస్" అంది రాజవ్వ అల్లుడితో.

ఆదివారం స్పీకరులో లక్ష్మి గొంతు వినబడింది. బాలయ్య గుంపు వెనకాలే ఉన్నాడు. ముందున్నవాళ్లు తప్పుకోలేదు. "అందరు మాట్లాడుకోండ్రి, తొందరేముంది" అంటున్నాడు సేఠ్. రాజవ్వ మోచేతులతో తోసుకుంటూ వెళ్లి స్పీకరు ముందు నిలబడింది.

"బిడ్డా లక్ష్మీ, డబ్బాల అంకె ఎంతున్నదో సదువు. గట్టిగ సదువు."

"ముప్పై ఆరు రూపాయలు పెద్దమ్మా… ముప్పై ఏడు…"

"ఇన్నరా? మీ ఫుకట్ ఇదీ!"

జాతర చల్లబడింది. అందరి పెళ్లాలూ, తల్లులూ ఆ అద్దాల డబ్బా ముందే నిలబడతారు. ఆ నిశ్శబ్దంలో లక్ష్మి గబగబా అడిగింది: "ఏమయ్యా, ఉన్నవా? పల్లి పెట్టాల్నా, కౌలుకియ్యాల్నా? ముప్పై తొమ్మిది…"

ఆ అంకె వినగానే బాలయ్యకు పిచ్చెక్కింది. "పెట్టెయ్!" అని అరిచాడు. "లక్ష్మీ, పెట్టెయ్! పెట్టెయ్!"

ఠక్కున లైను తెగింది. ముందుగా తేరుకున్నది రాజవ్వే.

"ఏం పెట్టుమన్నవ్‌రా?"

"ఫోను…" అన్నాడు బాలయ్య. అంటూనే కింద కూర్చుండిపోయాడు.

"సేఠ్, బూత్‌కు మల్ల కలుపు. నేనిస్త పైసలు."

నర్సింగ్ సేఠ్ నవ్వుతూ ఫోను చూపించాడు. డయలుకు చిన్న ఇత్తడి తాళం వేలాడుతోంది. "తాళంచెవి ఇంట్ల ఉన్నదవ్వా. అయినా నీ దగ్గర ఒక్క పైస దీస్కున్ననా ఎన్నడన్న? ఎందుకింత కోపం?"

అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆయనన్నది నిజం. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. లోపలికొచ్చే మాటకు తలుపులు బార్లా, బయటికెళ్లే మాటకు తాళం. దాన్నే మేము ధర్మమనుకున్నాం.

"నా దగ్గర దీస్కుంటె నేను చూస్కుంటుంటి" అంది రాజవ్వ. "కండ్లకు కనవడనోళ్ల దగ్గర దీస్కుంటున్నవ్. అందుకు."

కౌలుకే ఇమ్మని బాలయ్య కొట్టించిన టెలిగ్రాం చేరేలోపే, పెట్టమన్నాడు కదా అని లక్ష్మి కాళ్ల కడియాలు కుదువపెట్టి పల్లి విత్తింది. ఆ ఏడు వానలు దయతలిచాయి, పంట చేతికొచ్చింది. కడియాలు మాత్రం వడ్డీ కింద కరిగిపోయి, మళ్లీ ఆ కాళ్లకు ఎక్కలేదు. సేఠ్ అది విని ఊరుకున్నాడా? "నా ఫోను లేకుంటె ఆ చేను పడావు వడుతుండె" అని దుకాణంలో అందరికీ చెప్పుకున్నాడు. కొందరు తలలూపారు. రెండు ఆదివారాలు పల్చబడ్డ జాతర మూడోవారానికి మళ్లీ నిండింది. "ఫుకట్ గదా పెద్దమ్మా" అన్నవాడికి ఆ పూట రాజవ్వ రొట్టె వేయలేదు.

తర్వాత నేను తెలుగు నిజంగానే నేర్చుకున్నాను. ఉచితమంటే ఊరికే వచ్చేదనే కాదు, తగినదని కూడా అర్థమని నిఘంటువులో చూసిన రోజు, ఈ రెండూ ఒకే మాటలో ఎలా కాపురం చేస్తున్నాయా అని చాలాసేపు కోపంగా ఆ పేజీ వైపే చూశాను. రాజవ్వ అప్పటికి లేదు, ఉంటే అడిగేదాన్ని. గరిటె లేచేది.

పియానో ఆగింది. క్లయింట్లు ఒక్కొక్కరే వచ్చి, వాళ్ల ఊళ్లో వాన సంగతి చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఎక్కడో ఎవరికో ఎర్ర అంకెలు ఉరుకుతున్నాయి. నేను విషయం చెప్పి ముగించాను. ఫోనులో నాకు మర్యాద తక్కువని ఆఫీసులో పేరు. కానివ్వండి. ఒక్క మర్యాద మాత్రం తప్పను. ఒట్టి "పెట్టెయ్" అని ఈనాటికీ ఎవరితోనూ అనను. "ఫోను పెట్టెయ్" అంటాను, పూర్తిగా. అవతలి మనిషి కాళ్లకు కడియాలున్నాయో లేవో ఇక్కణ్నుంచి నాకు కనబడదు.