ఏ కుప్పల ఎయ్యాలె

జూన్ల బడి తెరిచి వారమైనా నా బిడ్డ పోతలేదు. తొమ్మిదేండ్ల పిల్ల. పుట్టుకతోనే ఎడమ చేతికి రెండే వేళ్ళు. ఇన్నేండ్లు దాని ఫికరే లేకుండె. కొత్తగా చేరిన పిల్లెవరో "నిన్ను గిట్ల ఎవరు చేసిండ్రు?" అని అందరి ముంగట అడిగిందట. నోరు పెగలక ఇంటికొచ్చింది. "జవాబు తెలిసినంకనే పోత" అని సంచిని మంచం కిందికి నూకింది. నేనేమో ఆర్మూర్ల జూనియర్ కాలేజీల బాటనీ చెప్త. ఊరోళ్ళ పిల్లలకు ఒక్క ఆకు గురించి గంట చెప్పెదాన్ని, నా పిల్లకు ఒక్క మాట చెప్పలేకపోయిన.

ఆదివారం అత్తగారింటి నుంచి మామ ఫోన్ చేసిండు. పసుపు విత్తనం ఏరాలె, కూలీలు దొరుకుతలేరు, జర రమ్మన్నడు. మా మామకు నందిపేట్ తొవ్వల రెండెకరాలున్నది. బిడ్డను తీసుకొని ఆటోల పోయిన. చేను కాడి షెడ్డుల కూసున్నమో లేదో వాన పట్టుకున్నది. రేకుల మీద ఒకటే మోత. బయట కాళ్ళు దిగబడే బురద, తొవ్వ మీద ఒక్క ఆటో లేదు. లోపల ముగ్గురం, ముంగట పసుపు రాశి. ఎటు పోతం?

పని ఏం లేదు, ఒక్కొక్క కొమ్మును పట్టి చూడాలె. గట్టిగుండి, మొలక లేచే కన్ను కనబడితే విత్తనం గంపల. మెత్తబడ్డది, వంకరది, పుచ్చుది పారేసే కుప్పల.

మామకు పని చేసుకుంట ఊకుండుడు రాదు. "చూసినవా అమ్మా, కన్ను ఏడ ఉండాల్నో సరిగ్గ గాడనే పెట్టిండు దేవుడు. పసుపు పాలిష్ కొట్టే డ్రమ్ము దానంతట అదే అయితదా? వెల్డింగ్ షాపుల ఒకడు కూసొని చేస్తెనే అయింది. మరి గీ కొమ్ము, గీ మనిషి, ఊకెనే అయితరా? చెయ్యే చూడు. నాలుగు వేళ్ళకు బొటనేలు ఎదురుంగ ఎందుకు పెట్టిండు? పట్టుకొనీకె! మస్తు దిమాగున్నోడే చేసిండు."

అనుకుంట తన ఐదు వేళ్ళు సాపి చూపిచ్చిండు. నేను పెండ్లయి వచ్చిన సంది చెప్పే మాటే అది, అలవాటుగ నోట్లకెల్లి వచ్చేసింది. నా బిడ్డ ఎడమ చెయ్యిని గౌను కింద దాచుకున్నది. మామ చూసిండు, నాలుక కర్సుకున్నడు. అప్పటికే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"గంత దిమాగున్నోడు దీని చెయ్యి చేసేటప్పుడు ఏడ చూస్తుండె మామా?"

"గట్లనకమ్మా. ఆయన లెక్క మనకు తెల్వదు."

"కొమ్ము కాడనేమో ఆయన లెక్కంత తెలుస్తది, చెయ్యి కాడికొచ్చేసరికి తెల్వదా? మంచిగున్నది మీ వాదం!"

ఆయన తల వంచుకొని కొమ్ములు ఏరవట్టిండు. నేను గూడ ఊకుంటే అయిపోవు. చదువుకున్నదాన్ననే పొగరొకటి ఉన్నది గద. గంపలకెల్లి ఒక కొమ్ము తీసిన. "దీన్ని ఎవ్వరు గీసి చెయ్యలె. పసుపుకు గింజ గాదు, కొమ్ము నుంచే కొమ్ము. మీ తాత ఏరిండు, మీ నాయన ఏరిండు, మీరు ఏరుతున్నరు. మంచిది దాచుకుంట, వంకరది పారేసుకుంట వస్తే గిట్లయింది. అడవిల ఏరెటోడు గూడ ఉండడు. బతకలేనిది పోతది, బతికేది మిగుల్తది, గంతే. మధ్యల చేసెటోడు ఎందుకు?"

క్లాసుల చెప్పినట్టే చెప్పిన. గెలిచిన అని గూడ అనుకున్న, సిగ్గులేకుండ.

"అమ్మా." బిడ్డ తలెత్తలె. కుడి చేతిల ఒక వంకర కొమ్ము పట్టుకొని ఉన్నది. "మరి నన్ను ఏ కుప్పల ఎయ్యాలె?"

లేచి బయటికి ఉరుకుదామనిపించింది, బయట వాన. అప్పటిదాంక కొట్లాడిన మామ దిక్కే చూసిన, ఏదన్న చెప్పు మామా అన్నట్టు. ఆయన ఏం చెప్తడు పాపం? దేవుడు చేసిండంటే కావాల్ననే గిట్ల చేసిండన్నట్టు. నా మాట పట్టుకుంటే పారేసే కుప్ప. ఎటు జరిగినా గోడనే తగులుతున్నది.

మామ తువ్వాలతోని మొఖం తుడుసుకున్నడు. "నాకు తెల్వదు బిడ్డా" అన్నడు. అన్నీ తెలిసినట్టు మాట్లాడే మనిషి నోట్ల గా మాట నేనెన్నడు ఇనలె.

"నాగ్గూడ తెల్వదు" అన్న.

బిడ్డ మా ఇద్దరి మొఖాలు మార్చి మార్చి చూసింది. "ఇద్దరికి తెల్వకుంటే గంతసేపు ఎందుకు కొట్లాడిండ్రు?"

మామ, నేను మల్ల ఏరుడుల పడ్డం. అది ఎడమ చెయ్యి బయటికి తీసి, రెండు వేళ్ళ నడుమ కొమ్మును పట్టి చూసుకుంట, కన్నుంటే గంపల ఏసుకుంట కూసున్నది. కన్నున్న వంకరయి గూడ గంపలనే ఏసింది. మామ చూసిండు, తియ్యలె. పొద్దుమీకే దాంక వాన తగ్గలె.

సోమవారం నేను అడగకముందే సంచి ఏసుకొని బడికి పోయింది. నాకు కాలేజీల పాఠం సాగలె. అది బడి నుంచి రాంగనే గడప కాడనే పట్టుకున్న.

"గా పిల్ల మల్ల అడిగిందా? ఏం చెప్పినవే?"

"మా అమ్మకు, మా తాతకు గూడ తెల్వదట అని చెప్పిన" అన్నది, బూట్లు ఇప్పుకుంట.

"అంటే ఏమన్నది?"

"అయితే చెయ్యి చూపియ్యి అన్నది. చూపిచ్చిన."