ఎటు అని అడగొద్దు

సూర్యాపేటలో సెంట్రింగ్ సామాను కిరాయికిచ్చే జితేందర్‌కు ఆటో ఎక్కడమంటే పెద్ద గండం. డ్రైవర్ "యాడికన్నా?" అనేలోపే, బండి ఇంకా ఆగకముందే, "కొత్త బస్టాండ్! కొత్త బస్టాండ్!" అని అరవాలి. బస్సెక్కితే కండక్టర్ నోరు తెరవకముందే కోదాడ అని చెప్పి సరిపడా చిల్లర చేతిలో పెట్టాలి. పని మీద బయల్దేరిన మనిషిని ఎటు అని అడిగితే పని చెడుతుందని మన ఇళ్లలో అందరూ అనేదే. ఎవరైనా అడిగితే కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరతారు. జితేందర్ మాత్రం ఆ మాట పట్టుకుని కాపురమే నడిపాడు.

ఇదంతా మిర్యాలగూడలో బామ్మర్ది పెళ్లినాడు మొదలైంది. విడిదింట్లో పేకాటకు కూర్చుంటే పట్టిందల్లా బంగారమైంది. ఆ రోజు వేసుకున్నది చిలకపచ్చ చొక్కా. ఆ రోజు ఇంట్లోంచి బయల్దేరుతుంటే ఎటు అని ఎవరూ అడగలేదు. ఎలా అడుగుతారు, అందరూ ఒకే బండిలో పెళ్లికే పోతుంటే! ఈ చిన్న సంగతి ఆయన బుర్రకు తట్టలేదు. అప్పటినుంచి గెలిస్తే తన నసీబ్, పోతే ఎవరిదో ఒకరి నోరు. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత ఇలాంటి మహానుభావుల కోసమే పుట్టింది.

పోలీసులకు భయపడి పేకాట మానేసి, పెద్దమనుషుల ఆటకు మారాడు. అదే వైన్స్ డ్రా, మద్యం దుకాణాల లైసెన్సులకు సర్కారు తీసే లాటరీ. ఫీజు కట్టి ఫారం వేయాలి. చీటీ తగిలితే దుకాణం మనది, తగలకపోతే ఫీజు గోవిందా. కిందటిసారి డ్రాలో సరిగ్గా ఆయన పక్క నంబరు పలికింది. తగల్లేదని ఎవరైనా అనుకుంటారు. జితేందర్ మాత్రం నసీబ్ గడపదాకా వచ్చిందనుకున్నాడు. దాన్ని వెనక్కి పంపిందెవరు? కన్నతల్లి ఉప్పలమ్మ. ఆ పొద్దున ఆమె "ఎటు కొడుకా, ఇంత బువ్వ తినిపో" అంది మరి.

"నీ నోరు పాడుగాను! దుకాణం ఖతం జేస్తివి గదే!" అని డ్రా నుంచి వచ్చీ రాగానే తల్లి మీద ఎగిరాడు. ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఎటు అనే మాట బంద్.

ఈ ఏడు మళ్లీ డ్రా వచ్చింది. ఒక్క ఫారం వేస్తే పక్క నంబరు దాకా వచ్చింది కాబట్టి, చాలా వేస్తే తగలక ఛస్తుందా అన్నది ఆయన లెక్క. డబ్బుకు దారి కూడా చూసుకున్నాడు. భార్య రజనికి పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన అరెకరం త్రిపురారం దగ్గర కాలువ కింద ఉంది. దాని కౌలుతోనే కూతురు శ్రీజ స్కూలు ఫీజు గడుస్తోంది. రజనికి మాట చెప్పకుండా, ఆ పొలం అమ్ముతానని మిర్యాలగూడ ఆసామి ఒకడి దగ్గర బయానా తీసుకుని, ఫారాలకు కట్టేసి, అప్పుడు చెప్పాడు.

"సోమవారం త్రిపురారం తహసీల్ ఆఫీసుకొచ్చి సంతకం పెట్టు."

"తగలకపోతే?"

"తగుల్తది. నా మనసు చెప్తుంది."

"పోయినసారి గూడ చెప్పింది గదా నీ మనసు?"

"పోయినసారి అమ్మ అడిగింది!"

రజనికి ఒళ్లు మండిపోయింది. పిల్ల చదువు పేకముక్క కాదని అరవాలనిపించింది. అరిచినా లాభం లేదని తెలిసి ఊరుకుంది. జితేందర్ ఆ ఊరుకోవడాన్ని ఒప్పుకోవడమనుకున్నాడు.

శుక్రవారం పొద్దున రజని మంచి చీర కట్టుకుని, సంచి భుజానికేసుకుని, శ్రీజ చెయ్యి పట్టుకుని గడపలో నిలబడింది.

"ఎటు..." అన్నాడు జితేందర్.

"అడగకు! మంచి పనికి పోతున్న."

ఆయన చటుక్కున నోరు మూసుకున్నాడు. డ్రా కోసం ఏ గుడికో మొక్కు చెల్లించడానికి పోతోందనుకుని మురిసిపోయాడు కూడా. ఆమె తిన్నగా త్రిపురారం బస్సెక్కింది. రిజిస్ట్రేషన్‌కు ముందే స్లాట్ బుక్ చేసుకుంది. పొలం శ్రీజ పేరు మీద రాసిచ్చేసింది. మైనరు పిల్ల ఆస్తి కాబట్టి, ఇక కోర్టు ఒప్పుకోకుండా అమ్మడానికి కుదరదు.

సాయంత్రం సంగతి విని జితేందర్ మంచం మీద కూలబడ్డాడు. ఉన్నట్టుండి తలెత్తాడు. మొహం వెలిగిపోతోంది.

"సూసినవా? నేను అడగలేదు, నీ పని అయింది! నా మాట అబద్ధమా?"

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. రజనికి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. ఈ మనిషితో ఇంకా ఎన్నేళ్లు అనుకుని లోపలికి పోయింది.

బయానా కింద మిర్యాలగూడ ఆసామి సెంట్రింగ్ రేకులన్నీ ట్రాక్టర్‌కెత్తుకుని పోయాడు. దుకాణంలో నాలుగు కర్రలు మిగిలాయి. అయినా ఫారాలు వేసి ఉన్నాయి కదా, డ్రా రోజు రానే వచ్చింది. జితేందర్ చిలకపచ్చ చొక్కా తొడుక్కుని గడపలోకొచ్చాడు. ఉప్పలమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. శ్రీజ లెక్కలు చేసుకుంటోంది. రజని బట్టలు ఆరేస్తోంది. ఎవరూ తలెత్తలేదు.

ఆయన చెప్పులు తొడిగి, విప్పి, మళ్లీ తొడిగాడు. ఈసారి తగలకపోతే ఎవరి నోరు అనాలి మరి? ఒకసారి గట్టిగా దగ్గాడు.

ఎటు కొడుకా, తినిపో అని తల్లి కూడా అనలేదు.