కోటలో సారయ్య వేసిన ముడి

వాన వెలిసిన ఆ పొద్దున జగిత్యాల కోట కందకంలో ఆకాశం మురికిగా తేలుతోంది. అరవై ఏడేళ్ల సారయ్య చెప్పులు విడిచి, బురుజు మీది ఫిరంగికి పసుపు రాశాడు. పంద్రాగస్టున జెండా కట్టే మనిషి ముందుగా ఫిరంగిని తాకాలి. ఒకప్పుడు ఇక్కడ సిపాయిగా కాపలా కాసిన తండ్రి నేర్పిన పద్ధతి అది. తండ్రి ఇంకో మాట చెప్పేవాడు: నిజాం జెండా దించిన పూటే దండు కోట విడిచిపోయింది. ఎక్కిన జెండా పొద్దుగూకకముందే దిగితే కోట మళ్లీ దిక్కులేనిదవుతుంది.

ముప్ఫయ్యేళ్లుగా జెండా కడుతున్న సారయ్యకు ముడి ఎన్నడూ తప్పలేదు. ఈసారే, మొన్నటి జ్వరం తర్వాత, కుడిచెయ్యి వణుకుతోంది.

"బాపూ, ఇయ్యాల నేను కడ్త," అంది కూతురు స్వప్న, హోంగార్డు టోపీ సర్దుకుంటూ.

"తాడు నా మాట ఇంటది బిడ్డా."

"ఇంటది తియ్యి! చాయ్ గిలాసే ఇంటలేదు. పొద్దుగాల్నే లుంగీకి తాపినవ్."

సారయ్యకు నవ్వు రాలేదు. బంతిరేకులు పోసి జెండా మడిచాడు. గుంజగానే విడిపోయే జారుముడికి ఒక్క చుట్టు చాలు. పైకి పోకముందే ఊడుతుందేమోనన్న భయంతో రెండో చుట్టు వేశాడు. తాడు వానకు నాని ఉబ్బిందన్న సంగతి అప్పుడు తోచలేదు.

జెండా ఎగరేయడానికి వచ్చిన పెద్దసారు తాడు లాగాడు. జెండా మూట కొయ్య కొసకెక్కి ఆగింది. మళ్లీ లాగాడు. విచ్చుకోలేదు. బ్యాండు చప్పుడు ఆగిపోయింది.

"ఏంది సారన్నా, సద్దిమూట గట్టినవా?" వెనక జనంలోంచి పాత దోస్తు రామస్వామి.

"దించుండ్రి," అన్నారెవరో.

ఖాళీ కోట, గడ్డి మొలిచిన మెట్లు, తలవంచుకుని పోతున్న తండ్రి, అన్నీ ఒక్కసారే సారయ్య కళ్లలో కదిలాయి.

"దించకుండ్రి సారూ!" పరుగున వెళ్లి తాడు పట్టుకున్నాడు. ఊరంతా చూస్తుండగా చెయ్యి వణికింది. ఆ వణుకు తాడు వెంట పాకి కొయ్య మీద టకటకమని మోగింది. ఇక దాచేదేముంది!

"స్వప్నా, రా బిడ్డా. బుగులుకు రెండు సుట్లేసిన. గుంజకు. జర వదులు... అటూ ఇటూ ఊపు... గిప్పుడు గుంజు."

వరస విడిచి వచ్చిన స్వప్న గుంజింది. ఒక చుట్టు జారింది. రెండోది పట్టుకునే ఉంది. సారయ్య కళ్లు మూసుకున్నాడు.

చెంప మీద తడి బంతిరేకు ఒకటి వాలింది.

జనం వెళ్లిపోయాక ఫిరంగి దగ్గర కూతురి అరచేతిలో పసుపు పోశాడు. సగం కింద రాలింది.

"బూట్లు ఇడువు," అన్నాడు.

పొద్దుగూకేదాకా అక్కడే కూచున్నాడు, జెండా మీది చూపు దించకుండా.