సింగపూరు బీచికి మా టార్పాలిన్

మా చిన్నప్పుడు కోవిల్‌పట్టిలో మా నాయన ఆదివారం మధ్యాహ్నాలు మాత్రమే ఉండేవాడు... అదీ బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్ ఫోనులో. సింగపూరులో ఓడలకు రంగులేసే పని ఆయనది. ఆ బూత్ నడిపే అన్నకు తెలుగు రాదు. అందుకే అమ్మ అక్కడ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడేది. మిగతా వారమంతా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆమెకు తమిళమే. నేనేమో బడి నుంచి వచ్చి తాళం తీసుకుని, ఆమె వచ్చేదాకా గోడతో మాట్లాడుకునేదాన్ని.

మాకు శివరాత్రి అంటే ఇలవేలుపు గుడి. పుదూరు అవతల నల్లరేగడి చేలల్లో ఉంటుంది. దాయాదులందరూ వ్యాన్లలో బియ్యం, గిన్నెలు, కట్టెలు వేసుకుని పోయి, ఎవరి టార్పాలిన్ పట్ట వాళ్లు డేరాలా కట్టుకుని, అక్కడే వండుకుని, అక్కడే పడుకుంటారు. ఆ పట్టకు మొదటి గుంజ ఇంటి మగవాడు పాతాలి. మా ఇంటి మగవాడు సింగపూరులో ఉన్నాడాయె... అందుకని మేం పెదనాయన పట్ట కింద ఓ అంచున సర్దుకునేవాళ్లం. ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కాదు. అన్నం కూడా ముందు మాకే పెట్టేవారు. అయినా నాకు చచ్చేంత చిన్నతనంగా ఉండేది.

ఒక ఆదివారం నాయన కొత్త సంగతి చెప్పాడు.

"ఈడ సముద్రం గట్టున డేరాలేసుకోని కుటుంబాలు కుటుంబాలే ఉంటాయి మే. మనకు హోటలు యాడ కుదురుతాది? మీరు రాండి, మనమూ అట్లే ఉందాము."

ఇంటికొచ్చే దారి పొడుగునా అమ్మ నా చెయ్యి వదల్లేదు.

ఇక చూడాలి మా హడావుడి... పాస్‌పోర్టు విచారణకు పోలీసు వస్తే వీధి వీధంతా మా గుమ్మంలోనే! విమానం టికెట్లకు నాయన కూడబెడతానన్నాడు. మిగతాదంతా ఇక్కడి నుంచే మోసుకుపోదామని అమ్మ పట్టుదల. విరుదునగర్ బజారుకు పోయి నీలం టార్పాలిన్ కొన్నది. ఏ దేశమైతే ఏం, గుడికి పోయినట్టే కదా అని తాళ్లు, గుంజలు, సత్తు గిన్నె, చింతపండు, కారప్పొడి అన్నీ మూట కట్టింది. పొయ్యిరాళ్లు కూడా... సింగపూరులో రాళ్లు దొరకవేమోనట. నేను నవ్వితే నెత్తిన ఒక్కటి మొట్టింది. సెలవు రోజు పెరట్లో పట్ట కట్టి చూశాం. ముగ్గురం ఎలా పడుకోవాలో కూడా తేల్చేశాం... మధ్యలో నేను. బడిలో అందరికీ చెప్పేశాను.

మేం పోదామనుకున్న వేసవి సెలవులు ఇంకా ఇవ్వలేదు. ఒక ఆదివారం నాయన నా చదువు గురించి, అమ్మ నడుం నొప్పి గురించి చాలాసేపు అడిగాడు. తర్వాత చెప్పాడు... ఆ గట్టున డేరా వేసుకోవడానికి ఆ దేశపు కార్డు ఉన్నవాళ్లకే అనుమతట. కూలికి వచ్చినవాళ్లకు లేదట. ఆ కార్డున్న పై మేస్త్రీని, ఆయన పేరు మీద అనుమతి తీసివ్వమని బతిమాలాడట. కుదరదన్నాడట.

"సరే, పోనీండి. మీరు యేళకు తినండి," అంది అమ్మ.

ఇంటికొచ్చి మూట విప్పి, చింతపండు మళ్లీ జాడీలో పెట్టింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె ఏడవలేదు. అందుకే నాకు ఆమె మీదే కోపం వచ్చింది.

మరుసటి శివరాత్రికి పెదనాయన ఎప్పట్లాగే తన పట్ట కిందకు రమ్మన్నాడు. అమ్మ వద్దంది. వ్యాను నుంచి నీలం పట్ట దింపి, అందరూ చూస్తుండగా గుంజ తనే పాతింది. ఇదేం పని, మగవాడు లేకుండా... అని పెదనాయన గొణిగాడు.

"ఆయన వచ్చేదాకా ఈ బిడ్డ ఇంకోళ్ల పట్ట కిందనే పెరగాలనా బావా?"

ఆ రాత్రి మా పట్ట కింద మేమిద్దరమే. నాకు ఒక పక్క అమ్మ, రెండో పక్క ఖాళీ.

నేను కాలేజీ ముగించాక నాయన తిరిగొచ్చేశాడు. ఇప్పుడు ఏ దేశంలోనైనా డేరా ఇంట్లో కూర్చునే బుక్ చేసుకోవచ్చు. కిందటి సెలవుల్లో అమ్మనూ నాయననూ అలాంటి చోటికే తీసుకుపోయాను. డేరా ముందు ముగ్గురం పక్కపక్కన కూర్చున్నాం... నా చిన్నప్పటి ఆశ అంతా అదే కదా! ఆయనకు నాతో ఏం మాట్లాడాలో తెలియలేదు. నాకూ తెలియలేదు. ఎదురుగా ఉండి మాట్లాడుకోవడం మాకు అలవాటే కాలేదు.

మీ ఇంట్లోనూ ఇలా దూరాన ఉండిపోయి తిరిగొచ్చిన నాన్న ఉన్నారా? ఆయనతో మీరేం మాట్లాడతారు? నిజంగా తెలియకే అడుగుతున్నాను...